హీరోగారూ, ఆయనతో చెప్పండి

1వ తేదీ, శనివారం

ఈరోజు ఇంట్లో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

ఉదయం పదింటికి జనాభా వివరాలు రాసుకునే అమ్మాయి వచ్చింది. చేతిలో పలకలాంటి యంత్రం, మెడలో గుర్తింపు కార్డు. నా వయసు, ఉద్యోగం అడిగింది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరునని, నా ముద్ర లేనిదే ఈ వైపు ఏ దుకాణంలోనూ కాటా చెల్లదని, ఇరవై తొమ్మిదేళ్లలో నా లెక్క ఒక్క గ్రాము తప్పలేదని వివరంగా చెప్పాను. శ్రద్ధగా వింది. మధ్యలో రెండుసార్లు గడియారం చూసుకుంది, అది వేరే సంగతి. తర్వాత, "మరి మేడమ్‌గారు ఏం చేస్తారు సార్?" అంది. "ఏం లేదమ్మా, ఊరికే ఇంట్లో ఉంటుంది" అన్నాను. ఆ అమ్మాయి అదే ఎక్కించుకుంది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఆ అమ్మాయికి మంచినీళ్లు తెస్తోంది. గ్లాసు బల్ల మీద పెట్టి, కిటికీ పక్కనున్న పేము కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు సాయంత్రం అయిదున్నర. ఇంకా అక్కడే ఉంది.

ఒంట్లో బాగాలేదేమోనని అడిగాను.

"ఊరికే ఉన్నాను" అంది, గోడతో.

2వ తేదీ, ఆదివారం

కుళాయిలో నీళ్లు రాలేదు. ఈ భవనంలో ఆరిళ్లు. ఆరింటికీ రాలేదట. మూడో అంతస్తు లెక్కల టీచరు బకెట్టు పట్టుకుని మన గుమ్మంలోకే ఎందుకు వచ్చాడో అర్థం కాలేదు. "మేడమ్‌గారు లేరా?" అన్నాడు. ఉన్నారన్నాను. కుర్చీలో కూర్చున్న ఆవిడను చూసి, నన్ను చూసి, బకెట్టు ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ ఇంకా ఊరికే ఉంది. తన కంచం తను కడుక్కుంటుంది, తన చీర తను ఉతుక్కుంటుంది. మిగతా దేన్నీ ముట్టుకోదు. ఇదేమి న్యాయమని నిఘంటువు తీశాను. ఊరికే: 1. ఉచితంగా. 2. కారణం లేకుండా. 3. పని లేకుండా. 4. మౌనంగా. నాలుగు అర్థాలున్నాయి. అందులో మంచిదొకటి ఆవిడే ఎంచుకోవచ్చు కదా! ఈ మాట పైకే చదివి వినిపించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాలుగో అర్థం ఎంచుకున్నట్టుంది.

నాకేం బాధ లేదు. బ్రెడ్డు తిన్నాను.

3వ తేదీ, సోమవారం

ఈరోజు నుంచి టీవీలో జపాన్ మీద సీరీస్. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజూ సాయంత్రం ఆరున్నరకు, మొత్తం పది భాగాలు. చూపించేది గుర్రం హీరో. ప్రతి సినిమాలోనూ గుర్రం మీద వచ్చేవాడు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు గుర్రం ఎక్కితే గుర్రానికే కష్టం. మా ఆవిడకు పెళ్లికి ముందు నుంచీ అతనంటే మహా ఇష్టం, నాకు అదే కారణంగా అంత ఇష్టం లేదు. జపాన్‌లో తూకాలెలా ఉంటాయో తెలుసుకుందామని మాత్రమే కూర్చున్నాను.

బాగుంది. ఒప్పుకోవాలి. హీరో విమానం దిగి రైలు టికెట్ల యంత్రం ముందు పావుగంట నిలబడ్డాడు. యంత్రం వంగి వంగి మర్యాదగా ఏదో చెబుతోంది, ఇతను కూడా వంగి దానికి నమస్కారం పెడుతున్నాడు. వెనక వరసలో వాళ్లెవరూ విసుక్కోవడం లేదు. నాకు తెలియకుండానే నవ్వాను. అప్పుడు కుర్చీలోంచి మాట వినిపించింది.

"హీరోగారూ, తెలీనప్పుడు పక్కవాళ్లని అడిగితే తప్పేం కాదు. కొంతమంది అడగరు. కూరలో ఉప్పుకి బదులు పంచదార వేస్తారు."

రెండు రోజుల తర్వాత అన్ని మాటలు! నేను తొణకలేదు. నేనూ టీవీ వైపే తిరిగి, "హీరోగారూ, డబ్బా మీద పేరు రాసి ఉంటే ఎవరూ పొరబడరని చెప్పండి. లోపల ఏముందో పైన రాయకపోవడం మా శాఖ రూల్స్ ప్రకారం నేరం" అన్నాను.

"హీరోగారూ, రాసే ఉంది. ఆయన్ని కళ్లజోడు పెట్టుకోమనండి."

హీరో అప్పుడే టికెట్టు సంపాదించి, మా ఇద్దరి వైపూ చూసి పళ్లికిలించాడు.

4వ తేదీ, మంగళవారం

గిన్నె మాడింది. రెండోది.

హీరో ఒక సత్రంలో దిగాడు. గదికో చెప్పులు, వసారాకో చెప్పులు, మరుగుదొడ్డికి ప్రత్యేకం చెప్పులు. ఇతను మరుగుదొడ్డి చెప్పులతోనే భోజనాల గదిలోకి వచ్చేశాడు. సత్రం పెద్దావిడ మోకాళ్ల మీద వచ్చి, ఏమీ అనకుండా, అతని కాళ్లకు వేరే చెప్పులు తొడిగింది. అతని మొహం చూడాలి!

ఆవిడ కుర్చీలో ఊగి ఊగి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. హీరో వల్ల వచ్చింది, నా వల్ల కాదు. ఈ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను.

5వ తేదీ, బుధవారం (ఆఫీసులో, మధ్యాహ్నం)

నిన్న సాయంత్రం రాయనిది: రేపటి భాగం రైళ్ల గురించి అని ప్రకటించారు. ఈరోజు కోసం పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాను.

5వ తేదీ, అదే రోజు, సాయంత్రం

అద్భుతం. అక్కడి రైలు డ్రైవర్లు ప్రతి పనికీ తెల్ల చేతితొడుగు వేసుకున్న వేలు చూపించి, పైకి అరిచి చెబుతారట. సిగ్నలు వైపు వేలు: "సిగ్నలు పచ్చగా ఉంది!" గడియారం వైపు వేలు: "సమయం సరిపోయింది!" ఎవరూ వినకపోయినా సరే. అలా చేస్తే పొరపాట్లు జరగవట. ఇన్నేళ్లూ ఈ విషయం నాకు చెప్పకుండా ప్రపంచం ఏం చేస్తున్నట్టు?

వెంటనే వంటింట్లో మొదలుపెట్టాను. వేలు చూపించి: "గ్యాసు కట్టేశాను! ఇది ఉప్పు! ఇది ఉప్పు కాదు!" అన్నం మాడలేదు. హాల్లోంచి హీరోగారికి కబురు వెళ్లింది: "ఆయన అరుపులు కొంచెం తగ్గించమనండి. కింది ఇంటి పెద్దాయనకి చెముడు, ఆయనే భయపడుతున్నారు."

6వ తేదీ, గురువారం

ఆఫీసు వాళ్లకు ముందుచూపు లేదు. ఈరోజు పళ్ల దుకాణంలో కాటా పరీక్షించేటప్పుడు వేలు చూపించి, "ముల్లు సున్నా దగ్గరుంది! అయిదు కిలోల రాయి పెట్టాను! రాయి నాదే!" అని గట్టిగా చెప్పాను. కొనడానికొచ్చినవాళ్లు బుట్టలు వదిలేసి పారిపోయారు. దుకాణదారు ఆఫీసుకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి మా పై అధికారి సంతకంతో కాగితం వచ్చింది: "విధి నిర్వహణలో వేలు చూపి అరవరాదు." అటెండరు ఆ కాగితం వైపు వేలు చూపించి, "కాగితం అందింది!" అని అరిచాడు. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఇంకో కాగితం వస్తుంది.

అసలు సంగతి ఇది కాదు.

సాయంత్రం హీరో జింకల ఊరికి వెళ్లాడు. జింకలు తలవంచి నమస్కారం చేస్తాయి, మనమూ వంచితే మళ్లీ వంచుతాయి. హీరోకి నడుం పట్టేసింది, జింక మాత్రం ఆపలేదు. ఆ సందట్లో మా ఆవిడ మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"హీరోగారూ, మా చెల్లెలి ఊళ్లో ఉద్యోగం చేసుకునే ఆడపిల్లల హాస్టలుంది. మేనేజరు మానేసింది. నన్ను రమ్మంది. మీ ప్రయాణం అయిపోయిన మర్నాడే నా ప్రయాణం. పదిహేనో తేదీ పొద్దున బస్సు. ఇక అక్కడే ఉంటాను. ఆయనతో చెప్పండి."

నేను ఏమన్నానో రాసుకోవాలి, ఎందుకంటే రేపు నేనే నమ్మను. "హీరోగారూ, ప్రయాణాలు ఆరోగ్యానికి మంచివని చెప్పండి" అన్నాను.

జింక ఇంకోసారి వంగింది.

7వ తేదీ, శుక్రవారం

లెక్క వేశాను. ఇంకా ఆరు భాగాలు. భాగానికి నలభై అయిదు నిమిషాలు, అందులో పదకొండు నిమిషాలు ప్రకటనలు.

7వ తేదీ, మళ్లీ

ఈరోజు హీరోని ఒక మఠానికి తీసుకెళ్లారు. గుండు స్వామి ఎదురుగా కూర్చోబెట్టి, "ఏమీ చెయ్యకు. ఊరికే కూర్చో" అన్నాడు. పక్కనున్న దుబాసీ సరిగ్గా ఆ మాటే వాడింది. ఊరికే. మా ఆవిడ కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది.

హీరో నాలుగు నిమిషాలు కూర్చున్నాడు. అయిదో నిమిషానికి ముక్కు గోక్కున్నాడు. ఏడో నిమిషానికి గురక. స్వామి బల్లపరుపు కర్రతో భుజం మీద ఒకటి అంటించాడు. హీరో లేచి ఆయనకే నమస్కారం పెట్టాడు. "ఊరికే కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది" అన్నాడు స్వామి.

"హీరోగారూ, ఆ స్వామిని ఒక్క మాట అడగండి. ఆ ముప్పై ఏళ్లూ ఆయనకి అన్నం ఎవరు వండారో" అంది మా ఆవిడ.

హీరో అడగలేదు.

8వ తేదీ, శనివారం

శని, ఆదివారాలు జపాన్ లేదు. ఈ సంగతి ముందే ఆలోచించలేదు.

మాట్లాడాలంటే మధ్యలో మనిషి లేడు. వార్తలు చదివే అమ్మాయి ద్వారా ప్రయత్నించాను: "అమ్మా, టీ తాగుతారేమో అడుగు." ఆవిడ మొహం తిప్పుకుంది. కొత్తవాళ్లని మా మధ్యలోకి రానివ్వదు.

పదకొండింటికి అదృష్టం తలుపు తట్టింది. హీరో చేసిన నీళ్ల ట్యాంకు ప్రకటన. గుర్రం మీద వచ్చి, ట్యాంకు మీద చెయ్యి వేసి, "నీళ్లకు లోటుండదు!" అంటాడు. ముప్పై సెకన్లు. నేను ఉలిక్కిపడి, "హీరోగారూ, నీళ్లు రావట్లేదు, ఎందుకో ఆవిడకి తెలుసా?" అన్నాను. "హీరోగారూ, తెలుసు, గేటు పక్కన వాల్వు, పొద్దున అయిదుంపావుకి..." అంటుండగానే గుర్రం వెళ్లిపోయింది.

తర్వాతి ప్రకటన వచ్చేదాకా గంటా నలభై నిమిషాలు కూర్చున్నాను. లెక్కల టీచరు కూడా విషయం తెలుసుకుని బకెట్టుతో వచ్చి సోఫాలో కూర్చున్నాడు. గుర్రం రాగానే ముగ్గురం ఒక్కసారిగా మాట్లాడాం, ఎవరికీ ఏమీ వినపడలేదు. మూడోసారికి క్రమశిక్షణ వచ్చింది. "ఎటు తిప్పాలి?" "ఎడమకి, రెండున్నర చుట్లు." "ఎంతసేపు?" "పైన గంట కొట్టినట్టు శబ్దం వచ్చేదాకా." గుర్రం వెళ్లిపోయింది.

ఆ వాల్వు తిప్పేది మున్సిపాలిటీ వాళ్లనుకున్నాను. లెక్కల టీచరు కూడా అలాగే అనుకున్నాడట. ఆరిళ్లలో ఎవరం ఏనాడూ అడగలేదు. వారంగా అందరం వీధి పంపు నుంచి బకెట్లు మోస్తున్నాం.

9వ తేదీ, ఆదివారం

అయిదుంపావుకి లేచి వాల్వు తిప్పాను. నీళ్లొచ్చాయి. వేలు చూపించి అరవాలనిపించింది, కానీ అరవలేదు.

పైకి వస్తుంటే కింది ఇంటి పెద్దాయన మెట్ల మీద తల వెనక్కి వాల్చి, కళ్లు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఏమిటండీ అంటే, "చుక్కలు" అన్నాడు. రోజూ పొద్దున, మళ్లీ సాయంత్రం నాలుగింటికి, మా ఆవిడ ఆయన కళ్లలో మందు చుక్కలు వేస్తుందట. ఎనిమిది రోజులుగా రోజూ రెండు పూటలా అలా వచ్చి కూర్చుంటున్నాడు. నేను వేశాను. ఒకటి కంట్లో, మూడు మీసం మీద.

మన తలుపు వెనక మేకులకు ఆరు తాళంచెవులు వేలాడుతున్నాయి. ఇన్నేళ్లూ అవి మనవే అనుకున్నాను. మనకున్నది ఒకే తలుపు. ఈ సంగతి నాకు ఈరోజే తట్టింది.

10వ తేదీ, సోమవారం

ఆఫీసుకు సెలవు పెట్టి జనాభా వివరాల కార్యాలయానికి వెళ్లాను. తప్పు అక్కడే జరిగింది కాబట్టి అక్కడే దిద్దాలి. నాకు భయమేసి వెళ్లానని కాదు.

గుమాస్తా దిద్దుబాటు కాగితం ఇచ్చాడు. "ప్రస్తుతం ఉన్నది" అన్న గడిలో "ఊరికే" అని రాశాను. "ఉండవలసినది" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. స్కేలు తీసి కొలిచాను, నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఒకటి వెడల్పు. చిన్న అక్షరాలతో వాల్వు, చుక్కలు, తాళాలు, వంట, ఉతుకు అని రాసేసరికే గడి దాటి పోయింది. ఇంకో కాగితం అడిగాను.

"గడిలో పట్టాలి సార్."

"పట్టదండీ. కొలిచాను."

"ఒక్క మాటలో చెప్పండి."

"చాలా" అన్నాను.

"చాలా అనేది వృత్తి కాదు సార్. మీరు కూడా గవర్నమెంటు ఉద్యోగే కదా, ఇలా మాట్లాడితే ఎలా?" అని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "పరిశీలన పెట్టిస్తాను. మా అమ్మాయి వచ్చి ఆవిడ పని చేస్తుండగా కళ్లారా చూస్తే మారుస్తాం" అన్నాడు.

ఆవిడ పని చేస్తుండగా! సరేనన్నాను.

సాయంత్రం వేడినీళ్ల గుంటలో కోతులు. మంచు కురుస్తుంటే మెడదాకా మునిగి, కళ్లు మూసుకుని, ఎంత సుఖంగా ఉన్నాయో. హీరో బట్టలిప్పడానికి సిగ్గుపడి బయటే వణుకుతూ నిలబడ్డాడు. ఒక ముసలి కోతి అతని వైపు జాలిగా చూసింది. చూస్తూ చూస్తూ నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఆ నలభై అయిదు నిమిషాలు ఆవిడ పక్కనే ఉంది కదా, అందుకు.

11వ తేదీ, మంగళవారం

టీవీ చానెల్‌కి ఫోన్ చేశాను. పది భాగాలే. జపాన్‌లో ఇంకా చూడవలసిన చోట్లు ఉన్నాయని, కావాలంటే పేర్లు ఇస్తానని చెప్పాను. "సార్, ఆయన తిరిగొచ్చి ఆర్నెల్లయింది" అన్నారు.

12వ తేదీ, బుధవారం

మళ్లీ సెలవు పెట్టాను. అయిదుంపావుకి వాల్వు. ఆరింటికి పెద్దాయన చుక్కలు, రెండూ కళ్లలోనే పడ్డాయి. ఏడింటికి అన్నం, కూర. ఎనిమిదింటికి రెండో అంతస్తు వాళ్లు లోపల తాళంచెవి మర్చిపోయి తలుపేసుకుంటే మేకు మీది చెవితో తెరిచాను. తొమ్మిదింటికి బట్టలు. పదకొండింటికి లుంగీ పైకి కట్టి, తలకు తువ్వాలు చుట్టి నేల తుడుస్తుంటే పరిశీలన వచ్చింది. అదే అమ్మాయి. అదే యంత్రం.

నేను హీరోగారి కోసం వెతికాను. టీవీలో ఎవరో చేపలు పట్టడం గురించి మాట్లాడుతున్నారు.

అమ్మాయి నేరుగా పేము కుర్చీ దగ్గరకు వెళ్లింది. "మేడమ్, మీరిప్పుడు ఏం చేస్తున్నారు?"

"ఊరికే కూర్చున్నానమ్మా."

"రోజూ ఇంతేనా?"

"పన్నెండు రోజులుగా ఇంతే. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

అమ్మాయి యంత్రంలో కొట్టింది. "సార్, పరిశీలనలో మొదటి వివరమే నిజమని తేలింది. దిద్దడానికి వీల్లేదు." వెళ్లబోతూ నన్ను చూసి, మర్యాదకు ఒక మాట అడిగింది. "మీరు ఇవాళ ఆఫీసుకి వెళ్లలేదా సార్? ఇంట్లో ఏం చేస్తున్నారు?"

నా చేతిలో తడిగుడ్డ ఉంది. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాను. నడుం విరిగిపోతోంది.

"ఏం లేదమ్మా, ఊరికే ఇంట్లో ఉన్నాను" అన్నాను.

అన్నాక విన్నాను. అమ్మాయి వెళ్లిపోయింది. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆవిడ నోట వింటున్న మాట అది. ఎవరు ఫోన్ చేసి ఏం చేస్తున్నావన్నా, చేతులు తుడుచుకుంటూ, "ఏం లేదు, ఊరికే ఇంట్లో ఉన్నా" అనేది. ఆ మాట నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ అంటే అది మర్యాద. నేను అంటే ఏమైందో ఇప్పుడు తెలిసింది.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ముందుకు వెళ్లి చూసే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం ఎనిమిదో భాగం వచ్చింది. హీరో చేపల సంతకు వెళ్లాడు. అక్కడి కాటాలు నేను ఇన్నాళ్లూ చూడాలనుకున్నవే. ఒక్కటీ చూడలేదు.

13వ తేదీ, గురువారం

హాల్లో సంచి సర్ది ఉంది. నీలం సంచి.

నా సూట్‌కేసు కూడా ఆవిడే సర్దేది, నా క్యాంపులకు. సాక్సులు ఎక్కడ పెట్టిందో కాగితం రాసి పైన పెట్టేది. ఈ సంచి మీద కాగితం లేదు. తన సామాను ఎక్కడుందో తనకు తెలుసు.

ఈరోజు భాగంలో మంచు. హీరో ఏదో అన్నాడు. నేను సంచినే చూస్తున్నాను.

14వ తేదీ, శుక్రవారం

చివరి భాగం.

హీరో మళ్లీ మొదటి సత్రానికి వెళ్లాడు. ఈసారి చెప్పులు సరిగ్గానే వేసుకున్నాడు. వెళ్లిపోయేటప్పుడు సత్రం పెద్దావిడ వీధిలోకి వచ్చి చెయ్యి ఊపింది. కారు కదిలింది, ఆమె ఊపుతూనే ఉంది. వీధి చివరకు చేరింది, ఇంకా ఊపుతూనే ఉంది. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా అలా నిలబడటం అక్కడి పద్ధతట. హీరో వెనక అద్దంలోంచి చూస్తూ భోరుమన్నాడు. సినిమాల్లో వంద మందిని కొట్టినవాడు. "ఇన్ని రోజులు నాతో వచ్చారు, సెలవు" అన్నాడు మాతో.

మా ఆవిడ కళ్లొత్తుకుంది. "వెళ్లిరండి హీరోగారూ. చివరిసారి ఆయనతో చెప్పండి. చుక్కల మందు ఫ్రిజ్‌లో రెండో అరలో ఉంది, నెలకోసారి కొత్త సీసా తెరవాలి. రెండో అంతస్తు వాళ్ల తాళంచెవి కొంచెం బిగుసుకుంటుంది, పైకెత్తి తిప్పాలి. నామీద కోపం పెట్టుకోవద్దని కూడా చెప్పండి."

"హీరోగారూ, ఆవిడతో..." అని మొదలుపెట్టాను. అప్పటికే పేర్లు పరుగెడుతున్నాయి. కెమెరా పట్టినవాళ్లు, లైట్లు పట్టినవాళ్లు. హీరోగారూ, ఒక్క నిమిషం అన్నాను, నిజంగానే పైకి అన్నాను. తెర నల్లబడి, ఒక పళ్ల డాక్టరు వచ్చి బ్రష్షు చూపించాడు. పళ్ల డాక్టరు ద్వారా చెప్పుకునే మాట కాదది.

టీవీ కట్టేశాను. నా కుర్చీని ఆవిడ కుర్చీకి ఎదురుగా లాక్కున్నాను. ఆవిడ నల్లటి తెరనే చూస్తోంది.

"నేను తప్పు చెప్పాను" అన్నాను. "ఊరంతా తిరిగి తూకం చూస్తాను. నీ పని ఎంతో నాకు తెలీదు. ఇరవై ఎనిమిదేళ్లు పక్కనే ఉండి తెలీదు. పది రోజులు చేశాను, చచ్చాననుకో. అది కూడా కాదు నేను చెప్పాల్సింది. నువ్వు వెళ్తే నాకు భయంగా ఉంది. నువ్వు లేకుండా ఈ ఇంట్లో ఉండటం నాకు చాతకాదు."

ఆవిడ నా వైపు తిరిగింది. గోడ కాదు, టీవీ కాదు. నన్నే చూసింది.

"నేను వెళ్తాను" అంది. "మొదట కోపంతోనే ఒప్పుకున్నా. ఇప్పుడు కోపం లేదు, అయినా వెళ్లాలనుంది. నలభైమంది పిల్లలు, ఒక గది, ఒక బల్ల. బల్ల మీద నా పేరు రాసి పెట్టారట, మా చెల్లి ఫొటో పంపింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ. వచ్చే వారం నుంచి శని, ఆదివారాలు ఇక్కడ. నేను అడగటం లేదు, చెప్తున్నా."

"సరే" అన్నాను. ఇంకేం అనగలను? సరే అన్నాక దిగులు తగ్గలేదు, కానీ దానితో పాటు ఏదో తేలికైంది కూడా.

టీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. పాలు పొంగుతుంటే హాల్లోంచి వినిపించింది.

"ఏమండీ!"

గరిటె పడేసి పరుగెత్తాను. ఆ పిలుపు విని రెండు వారాలైంది. "ఏమిటి? ఏమైంది? ఏం కావాలి?"

"ఏం లేదు" అంది. "ఊరికే పిలిచాను."

నిఘంటువులో ఈ అర్థం లేదు. పాలు మాత్రం పొంగి పొయ్యంతా అయ్యాయి.

15వ తేదీ, శనివారం (తిరుగు బస్సులో. రాత వంకరపోతోంది.)

నేనే దింపడానికి వెళ్లాను. మూడు గంటల ప్రయాణం. బస్సు ఎక్కి కూర్చోగానే మొదలుపెట్టింది. పొయ్యి తుడవలేదేం అంది. పెద్దాయన మీసానికి కాటుక పెట్టినట్టు మందు పూశారట కదా అంది. పద్దెనిమిదేళ్ల కిందట మా అక్కయ్య ఇంట్లో అందరి ముందూ నేనన్న మాట ఒకటి తీసింది, నాకసలు గుర్తే లేదు. అది అవగానే అంతకు ముందుది తీసింది. మధ్యలో నీళ్లు తాగి మళ్లీ అందుకుంది. ముందు సీటులో ఆయన జాలిపడి వెనక్కి తిరిగి, "మేడమ్, సార్‌ని కాసేపు వదిలెయ్యండి" అన్నాడు.

"మీరు ముందుకి తిరగండి. నేను మా ఆయనతో మాట్లాడుతున్నాను" అంది ఆవిడ.

అవునండీ, ముందుకి తిరగండి అన్నాను నేను కూడా. మూడు గంటలూ తిట్టింది, ఒక్క మాట కూడా ఇంకెవరి ద్వారానో రాలేదు, అన్నీ నాకే తగిలాయి. దారిలో రోడ్డు పని జరుగుతోందని బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. అందరూ విసుక్కున్నారు. నేను మాత్రం ఇంకాసేపు ఆగితే బాగుండునని కూర్చున్నాను.